పాత ట్రక్కు పెట్రోల్ ఇంజన్‌కి కింద లాగుడు రావాలంటే ఏ క్యామ్ షాఫ్ట్ ఎంచుకోవాలి

మొదటే చెప్పేస్తా, ట్రక్కు కింద ఆర్‌పీఎంలో బాగా లాగాలంటే చిన్న క్యామ్ కావాలి, మీరు మనసులో అనుకున్న దానికంటే ఇంకో సైజు చిన్నది. క్యామ్ షాఫ్ట్ అంటే ఇంజన్ వాల్వ్‌లని తెరిచి మూసే కడ్డీ, దాని మీదుండే గుడ్డు ఆకారం ఉబ్బులే లోబ్‌లు, చిన్న క్యామ్ అంటే వాల్వ్‌లని తక్కువసేపు తెరిచేది. ఎందుకు చిన్నది, ఎంత చిన్నది, మీ ఇంజన్‌కి ఏ నంబర్లు సరిపోతాయి, ఎలా బిగించాలి అనేది వరసగా రాస్తున్నా. ఓపిగ్గా చదవండి, ఎందుకంటే క్యామ్ ఒకసారి లోపలికి వెళ్ళాక మళ్ళీ బయటికి తియ్యాలంటే రేడియేటర్ నుంచి ఇన్‌టేక్ మానిఫోల్డ్ దాకా మొత్తం విప్పాల్సిందే.

ఉదాహరణకి షెవర్లే 350 వీ8 తీసుకుంటున్నా. ఇక్కడ అమెరికాలో గ్యారేజ్ ఉండి పాత బండి మీద సరదా ఉన్న మనవాళ్ళు ఎక్కువగా వెతికేది 1973 నుంచి 1987 దాకా వచ్చిన చదరం బాడీ సీ10, కే10 ట్రక్కులే, వాటిల్లో చాలావాటికి ఉండేది ఈ ఇంజనే, దీనికి దొరికినన్ని క్యామ్‌లు ఇంక దేనికీ దొరకవు. మన ఊళ్ళో లారీలు దాదాపు అన్నీ డీజిల్ కాబట్టి క్యామ్ అంటే అరిగిపోతే మార్చేదే గానీ రకరకాలు ముందేసుకుని ఎంచుకునేది కాదు, అందుకే అక్కడ మెకానిక్ పని బాగా తెలిసినవాళ్ళకి కూడా ఈ క్యామ్ నంబర్లు చూస్తే కొత్తగా ఉంటుంది.

ముందు మీ ట్రక్కు నిజంగా ఏ ఆర్‌పీఎంలో తిరుగుతుందో లెక్కేసుకోండి. మైళ్ళ స్పీడుని రియర్ యాక్సిల్ గేర్ రేషియోతో గుణించి, దాన్ని 336తో గుణించి, టైరు ఎత్తు అంగుళాల్లో ఎంతుందో దానితో భాగించాలి. 3.08 గేర్లు, 28 అంగుళాల టైర్లు, ఓవర్‌డ్రైవ్ లేని మూడు గేర్ల ఆటోమేటిక్ ఉన్న ట్రక్కు 60 మైళ్ళ స్పీడులో పోతుంటే సుమారు 2200 ఆర్‌పీఎం వస్తుంది. అదే ట్రక్కుకి ఎవరో అందంగా ఉంటాయని 33 అంగుళాల టైర్లు వేస్తే 1900 లోపుకి పడిపోతుంది. అంటే మీ ఇంజన్ బతుకంతా 1000 నుంచి 3000 మధ్యలోనే, ట్రైలర్ తగిలించుకుని ఎత్తు ఎక్కేటప్పుడు మహా అయితే 3500. మరి 5500 దగ్గర పవర్ ఇచ్చే క్యామ్ వేసుకుంటే ఆ పవర్ ఎప్పుడు వాడతారు? హార్స్ పవర్ అంటే టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణించి 5252తో భాగిస్తే వచ్చేది, అంతే, కాబట్టి పైన ఆర్‌పీఎంలో కొంచెం టార్క్ ఉన్నా డబ్బా మీద రాసుకోడానికి పెద్ద నంబర్ వచ్చేస్తుంది, కింద 1500 దగ్గర ఏం పోయిందో ఆ డబ్బా మీద ఉండదు.

ఇప్పుడు అసలు విషయం. క్యామ్ గురించి డ్యూరేషన్ అంటే వాల్వ్ ఎంతసేపు తెరిచి ఉంటుంది, లిఫ్ట్ అంటే ఎంత ఎత్తు లేస్తుంది, ఓవర్‌ల్యాప్ అంటే రెండు వాల్వ్‌లూ కలిసి ఎంతసేపు తెరిచి ఉంటాయి అని చాలా మాట్లాడతారు గానీ కింద లాగుడుకి అన్నిటికంటే ముఖ్యమైంది ఒక్కటే, ఇన్‌టేక్ వాల్వ్ ఎప్పుడు మూసుకుంటుంది అనేది. పిస్టన్ కిందికి వెళ్ళి మిశ్రమాన్ని పీల్చుకుని మళ్ళీ పైకి రావడం మొదలుపెట్టాక కూడా ఇన్‌టేక్ వాల్వ్ ఇంకొంచెంసేపు తెరిచే ఉంటుంది, అన్ని క్యామ్‌లలోనూ అంతే. పైన 5000 ఆర్‌పీఎంలో గాలి అంత వేగంగా దూసుకొస్తుంది కాబట్టి పిస్టన్ పైకి వస్తున్నా సరే ఆ ఊపుకి ఇంకా లోపలికి వస్తూనే ఉంటుంది, అక్కడ లేటుగా మూసుకోవడం మంచిదే. కానీ 1500లో ఆ ఊపు ఉండదు, పిస్టన్ పైకి వస్తుంటే పీల్చుకున్న మిశ్రమం వచ్చిన దారినే మానిఫోల్డ్‌లోకి వెనక్కి వెళ్ళిపోతుంది. వాషర్ అరిగిపోయిన సైకిల్ పంపు కొట్టినట్టు, ఎంత నొక్కినా సగం గాలి వెనక్కే పోతుంది. అందుకే వాల్వ్ ఎంత తొందరగా మూసుకుంటే కింద సిలిండర్ అంత నిండుగా ఉంటుంది, కంప్రెషన్ అంత నిజంగా పుడుతుంది.

దీన్ని నంబర్లలో చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. 350కి స్ట్రోక్ 3.48 అంగుళాలు, కనెక్టింగ్ రాడ్ 5.7 అంగుళాలు. ఇన్‌టేక్ వాల్వ్ పిస్టన్ అట్టడుగు దాటిన 51 డిగ్రీలకి మూసుకునే క్యామ్ వేస్తే పిస్టన్‌కి నిజంగా నొక్కడానికి మిగిలే దూరం 3.00 అంగుళాలు, 60 డిగ్రీలకి మూసుకునేది వేస్తే 2.81 అంగుళాలే. ఇంజన్ కంప్రెషన్ రేషియో, అంటే పిస్టన్ మిశ్రమాన్ని ఎన్ని రెట్లు చిన్న జాగాలోకి నొక్కుతుందో అది, 8.2 అనుకుంటే మొదటి క్యామ్‌తో అసలు జరిగే కంప్రెషన్ 7.2, రెండోదానితో 6.8. ఇంజన్‌లో ఇంకేమీ మారలేదు, పిస్టన్ అదే హెడ్ అదే, కేవలం క్యామ్ మార్చినందుకు ఉన్న కొద్దిపాటి కంప్రెషన్ కూడా తగ్గిపోయింది. మొదటే తక్కువ కంప్రెషన్ ఉన్న పాత ట్రక్కుకి పెద్ద క్యామ్ వేస్తే సిగ్నల్ దగ్గర బద్ధకంగా కదిలేది ఇందుకే.

1971 నుంచి జనరల్ మోటార్స్ వాళ్ళు సీసం లేని తక్కువ ఆక్టేన్ పెట్రోలుకి సరిపోయేలా అన్ని ఇంజన్లకీ కంప్రెషన్ తగ్గించేశారు, ఆ తర్వాత వచ్చిన ట్రక్కు 350ల్లో చాలావాటికి 76 సీసీ చాంబర్ హెడ్‌లు, గుంట పిస్టన్లు ఉంటాయి కాబట్టి 8 నుంచి 8.5 మధ్యలో ఉంటుందనే అనుకుని క్యామ్ ఎంచుకోండి. ఎవరన్నా ఇంజన్ రీబిల్డ్ చేసి 9.5కి తెచ్చుంటే అప్పుడు ఇంకో మెట్టు పైకి వెళ్ళొచ్చు, ఆ కాగితాలు చేతిలో ఉంటేనే సుమా, అమ్మినవాడి నోటిమాట మీద వద్దు.

ఇక క్యామ్ కార్డ్, అంటే క్యామ్‌తో పాటు వచ్చే కొలతల కార్డ్, చదవడం. డ్యూరేషన్ రెండు రకాలుగా రాస్తారు. ఒకటి అడ్వర్టైజ్డ్ డ్యూరేషన్, ఇది ఒక్కో కంపెనీ ఒక్కో లిఫ్ట్ దగ్గర నుంచి కొలుస్తుంది కాబట్టి ఒక కంపెనీ 278ని ఇంకో కంపెనీ 268తో పోల్చి చూడకూడదు, 278 అని రాసిందే నిజానికి చిన్న క్యామ్ అయ్యుండొచ్చు. రెండోది లిఫ్టర్, అంటే లోబ్ మీద కూర్చుని వాల్వ్‌ని నెట్టే ముక్క, 0.050 అంగుళం లేచిన దగ్గర నుంచి కొలిచిన డ్యూరేషన్, ఇది అందరూ ఒకేలా కొలుస్తారు, క్యామ్‌లు పోల్చేటప్పుడు ఇదొక్కటే చూడండి. తర్వాత లోబ్ సెపరేషన్ యాంగిల్, ఇన్‌టేక్ లోబ్ మధ్యకీ ఎగ్జాస్ట్ లోబ్ మధ్యకీ ఉన్న కోణం, ట్రక్కు క్యామ్‌లకి సాధారణంగా 110 లేదా 112. తర్వాత ఇన్‌టేక్ సెంటర్‌లైన్, అంటే పిస్టన్ పైకొస దాటాక క్రాంక్ ఎన్ని డిగ్రీలు తిరిగేసరికి ఇన్‌టేక్ వాల్వ్ పూర్తిగా తెరుచుకుంటుందో అది, 106 అనో 107 అనో ఉంటుంది. డ్యూరేషన్, సెంటర్‌లైన్ ఈ రెండు నంబర్లు ఉంటే ఇన్‌టేక్ మూసుకునే పాయింట్ మీరే లెక్కేసుకోవచ్చు, డ్యూరేషన్‌లో సగం తీసుకుని సెంటర్‌లైన్ కలిపి 180 తీసెయ్యండి. 206 డ్యూరేషన్, 106 సెంటర్‌లైన్ అయితే 103కి 106 కలిపి 180 తీస్తే 29. అదే 224 డ్యూరేషన్ అయితే 38. ట్రక్కుకి 0.050 దగ్గర ఈ నంబర్ 30 చుట్టుపక్కల ఉండేలా చూసుకోండి, 35 దాటితే మీరు ట్రక్కు క్యామ్ కాదు కారు క్యామ్ చూస్తున్నట్టు.

మార్కెట్లో ఉన్నవాటి సంగతి చూద్దాం. చాలా 350ల్లో కంపెనీ నుంచి వచ్చిన క్యామ్ 0.050 దగ్గర 195 ఇన్‌టేక్, 202 ఎగ్జాస్ట్, లిఫ్ట్ 0.390, 0.410 అంగుళాలు, సెపరేషన్ 112, అంటే పాపం చాలా చిన్నది, కానీ కింద లాగుడు విషయంలో చెడ్డదేం కాదు. దాని మీద ఒక మెట్టు పైన 204, 214 డ్యూరేషన్‌తో 0.420, 0.442 లిఫ్ట్‌తో 112 సెపరేషన్‌తో ఎడెల్‌బ్రాక్ పెర్ఫార్మర్ 2102 ఉంది, దాదాపు అవే కొలతలతో మెల్లింగ్ ఎంటీసీ-1 ఉంది, ఇంకొన్ని కంపెనీలు కూడా ఇదే గ్రైండ్, అంటే ఇవే కొలతల లోబ్‌లు, అమ్ముతాయి, ట్రక్కుల్లో ఎన్నో ఏళ్ళుగా నడుస్తున్న గ్రైండ్ ఇది. దానికి పక్కనే కాంప్ క్యామ్స్ ఎక్స్‌ఈ250హెచ్, 206, 212 డ్యూరేషన్, 0.432, 0.444 లిఫ్ట్, 110 సెపరేషన్, దీని లోబ్ కొంచెం నిటారుగా ఉంటుంది కాబట్టి అడ్వర్టైజ్డ్ డ్యూరేషన్ 250 మాత్రమే, వాల్వ్ త్వరగా తెరుచుకుని త్వరగా మూసుకుంటుంది, నేను పైన 51 డిగ్రీలని లెక్క వేసింది దీనికే, ఈ అడ్వర్టైజ్డ్ డ్యూరేషన్‌తోనే. ఇంకా పైకి వెళ్తే ఎక్స్‌ఈ262హెచ్ 218, 224, ఆపైన ఎక్స్‌ఈ268హెచ్ 224, 230. ఈ 268 చాలామంది వేస్తారు, కారణం సైలెన్సర్ దగ్గర ఆ గుడగుడ శబ్దం, తేలిక కారుకి 3.73 గేర్లతో అది చాలా బాగుంటుంది, కానీ పైన 60 డిగ్రీలని లెక్క వేసింది దానికే, బరువు లాగే ట్రక్కుకి నేనైతే ఒప్పుకోను.

నా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, కంప్రెషన్ 8.5 లోపు, గేర్లు 3.08 లేదా 3.42, బండి అప్పుడప్పుడు ట్రైలర్ లాగుతుంది అంటే 204, 214 లేదా 206, 212 తీసుకోండి, కళ్ళు మూసుకుని. కంప్రెషన్ 9 పైన, గేర్లు 3.73, పైగా ఓవర్‌డ్రైవ్ ఉంది, బరువు పెద్దగా లాగరు అంటే 212, 218 దాకా వెళ్ళొచ్చు. ఇన్‌టేక్ డ్యూరేషన్ 218 అనేది ట్రక్కుకి ఆఖరి గీత, దాన్ని దాటొద్దు.

ఎగ్జాస్ట్ డ్యూరేషన్ ఎందుకు ఎక్కువ ఉంటుందంటే పాత షెవర్లే హెడ్‌లలో ఎగ్జాస్ట్ పోర్టు బలహీనం, దానికి తోడు కంపెనీ ఇనుప మానిఫోల్డ్‌లు, సన్న పైపులు ఉంటాయి, అందుకని బయటికి వెళ్ళడానికి కొంచెం ఎక్కువ టైమ్ ఇస్తారు. మీ ట్రక్కుకి హెడర్లు, అంటే ఇనుప మానిఫోల్డ్ బదులు వేసే విడివిడి ఎగ్జాస్ట్ పైపులు, లేకపోతే ఇలా ఎగ్జాస్ట్ ఎక్కువున్న గ్రైండే తీసుకోండి.

సెపరేషన్ గురించి గొడవలు ఎక్కువ. ఇరుకు సెపరేషన్ అంటే 108, 110 అయితే రెండు వాల్వ్‌లూ ఒకేసారి తెరిచి ఉండే టైమ్ పెరుగుతుంది, మధ్య ఆర్‌పీఎంలో టార్క్ బిగువుగా ఉంటుంది కానీ ఐడ్లింగ్ కుదుపుతుంది, ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో ఉండే వాక్యూమ్, అంటే పీల్పు, పడిపోతుంది. 112 అయితే ఐడ్లింగ్ నున్నగా, వాక్యూమ్ నిండుగా. ఆ ఓవర్‌ల్యాప్ 0.050 దగ్గర ఎంతో కూడా మీరే చూసుకోవచ్చు, రెండు డ్యూరేషన్ల సగటు నుంచి సెపరేషన్‌కి రెండింతలు తీసెయ్యాలి. 204, 214, 112 అయితే మైనస్ 15. 206, 212, 110 అయితే మైనస్ 11. 224, 230, 110 అయితే ప్లస్ 7. మైనస్‌లో ఉన్నంతసేపూ వాక్యూమ్ గురించి దిగులు పడక్కర్లేదు, పవర్ బ్రేకులకి వాక్యూమే ఆధారం, ఐడ్లింగ్‌లో వాక్యూమ్ గేజ్ మీద 15 అంగుళాల కంటే కిందికి వస్తుంటే మూడు టన్నుల ట్రైలర్ వెనకుండగా బ్రేక్ పెడల్ గట్టిపడడం ఆట కాదు. ఏసీ వేస్తే ఐడ్లింగ్‌లో ఆగిపోకుండా ఉండాలన్నా ఇదే లెక్క.

1987 నుంచి 1995 దాకా థ్రాటిల్ బాడీ ఇంజెక్షన్‌తో వచ్చిన ట్రక్కు అయితే ఇంకా జాగ్రత్త, ఆ కంప్యూటర్ మానిఫోల్డ్ వాక్యూమ్ చూసే పెట్రోల్ ఎంత పోయాలో నిర్ణయిస్తుంది, పెద్ద క్యామ్ వేసి వాక్యూమ్ తగ్గితే ఇంజన్ మీద లోడ్ పడిందనుకుని ఎక్కువ పోసేస్తుంది, చిప్ మార్పించకుండా దానికి 204 దాటొద్దు.

క్యామ్ ఆర్డర్ పెట్టే ముందు ఇప్పుడున్న ఇంజన్‌ని ఒకసారి పరీక్ష చెయ్యండి, చాలాసార్లు కింద లాగుడు పోవడానికి కారణం క్యామ్ కాదు. కంప్రెషన్ గేజ్ పెట్టి ఎనిమిది సిలిండర్లూ చూడండి, ఒకటో రెండో బాగా తక్కువ చూపిస్తుంటే ముందు ఆ పని చూసుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ ఐడ్లింగ్‌లో 17 నుంచి 21 అంగుళాల వాక్యూమ్ చూపిస్తుంది, సూది కదలకుండా నిలబడాలి. తర్వాత టైమింగ్ చైన్, క్రాంక్ నుంచి క్యామ్‌ని తిప్పేది ఇదే. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, క్రాంక్‌ని చేత్తో ఒకవైపు తిప్పి టైమింగ్ గుర్తు సున్నా దగ్గర ఆపి, ఇప్పుడు మెల్లిగా వెనక్కి తిప్పండి, లోపల రోటర్ కదలడం మొదలయ్యేలోపు గుర్తు ఎన్ని డిగ్రీలు జరిగిందో చూడండి. 8, 10 డిగ్రీలు దాటిందంటే చైన్ సాగిపోయినట్టే. చైన్ సాగితే క్యామ్ వెనకబడుతుంది, క్యామ్ వెనకబడితే ఇన్‌టేక్ వాల్వ్ లేటుగా మూసుకుంటుంది, పైన చెప్పిన కథంతా ఇక్కడ ఊరికే జరిగిపోతుంది. ఆ రోజుల్లో చాలా ఇంజన్లకి క్యామ్ గేర్ పళ్ళకి నైలాన్ పూత ఉండేది, అది పెళుసుబారి ఊడి ఆయిల్ ప్యాన్‌లో పడుతుంది. ఒట్టి చైన్ సెట్ మారిస్తేనే బండి మళ్ళీ లాగడం మొదలుపెట్టిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఇగ్నిషన్ టైమింగ్, వాక్యూమ్‌తో స్పార్క్‌ని ముందుకు జరిపే వాక్యూమ్ అడ్వాన్స్ డబ్బా పనిచేస్తుందో లేదో కూడా ఇప్పుడే చూసెయ్యండి.

చైన్ విషయంలోనే ఇంకో మాట, అడ్వాన్స్. క్యామ్‌ని 4 డిగ్రీలు ముందుకు పెడితే ఇన్‌టేక్ 4 డిగ్రీలు ముందే మూసుకుంటుంది, లాగుడు కిందికి దిగుతుంది. కానీ మీరు కొనే ట్రక్కు క్యామ్‌లలో చాలావాటికి ఆ 4 డిగ్రీలు ముందే గ్రైండ్ చేసేసి ఉంటాయి, సెపరేషన్ 110 ఉండి సెంటర్‌లైన్ 106 ఉందంటే అర్థం అదే. అప్పుడు చైన్ గేర్ మీద మళ్ళీ ఇంకో 4 పెట్టకుండా సున్నా గుర్తు మీదే బిగించండి.

ఫోర్డ్ ట్రక్కులవాళ్ళకి రెండు మాటలు. 300 స్ట్రెయిట్ సిక్స్, 1965 నుంచి 1996 దాకా వచ్చింది, 4.00 బోర్, 3.98 స్ట్రోక్, కింద లాగుడుకి పుట్టిన ఇంజన్ అది, దానికి చైన్ ఉండదు, క్యామ్ గేర్ నేరుగా క్రాంక్ గేర్‌తో కలుస్తుంది, ఆ క్యామ్ గేర్ చాలావాటిల్లో ఫైబర్‌ది కాబట్టి క్యామ్ తీసినప్పుడే గేర్ సంగతి చూసుకోండి. వీ8లో పాత 302కి, 351 విండ్సర్‌కి ఫైరింగ్ ఆర్డర్ వేరు, 302కి 1-5-4-2-6-3-7-8, 351కి 1-3-7-2-6-5-4-8, పాత 302లో 351 ఆర్డర్ క్యామ్ వేస్తే ప్లగ్ వైర్లు కూడా ఆ ఆర్డర్‌కే మార్చాలి, కార్డ్ మీద ఏ ఆర్డర్ రాశారో చూసి అలాగే వైర్లు పెట్టండి. లెక్కలు మాత్రం ఏ ఇంజన్‌కైనా ఇవే.

తర్వాత ఫ్లాట్ ట్యాపెటా, రోలరా అన్నది. లిఫ్టర్ అడుగు లోబ్ మీద రాసుకుంటూ నడిస్తే ఫ్లాట్ ట్యాపెట్, చిన్న చక్రం మీద దొర్లితే రోలర్. 1987కి ముందు 350లన్నీ ఫ్లాట్ ట్యాపెట్. 1987 నుంచి కార్లకి రోలర్ లిఫ్టర్లు వచ్చాయి గానీ ట్రక్కులకి ఆ తర్వాత కూడా చాలాకాలం ఫ్లాట్‌వే వేశారు, బ్లాక్‌లో మాత్రం రోలర్‌కి కావాల్సిన బొడిపెలు చాలావాటికి ఉంటాయి. మీ బ్లాక్‌కి అవి ఉంటే, చేతిలో డబ్బులు ఉంటే రోలర్‌కి వెళ్ళిపోండి, అరుగుదల భయం ఉండదు, లోబ్ ఇంకా చురుగ్గా ఉంటుంది. పాత బ్లాక్‌కి రోలర్ కావాలంటే జంటగా కట్టేసి ఉండే లిఫ్టర్లు కొనాలి, అవి క్యామ్ కంటే చాలా ఖరీదు, మామూలు ట్రక్కుకి అంత అక్కర్లేదని నా ఉద్దేశం, ఫ్లాట్ ట్యాపెట్‌ని శ్రద్ధగా బ్రేకిన్ చేస్తే, అంటే మొదటిసారి నడిపేటప్పుడు లోబ్, లిఫ్టర్ ఒకదానికొకటి కుదురుకునేలా నడిపితే, ఏళ్ళ తరబడి నడుస్తుంది. కొత్త ఫ్లాట్ క్యామ్‌కి కొత్త లిఫ్టర్లు తప్పనిసరి, పాతవి మళ్ళీ వెయ్యకూడదు, ఎందుకంటే ఒక్కో లిఫ్టర్ అడుగు తన లోబ్‌తో కలిసి అరిగి ఉంటుంది. లిఫ్టర్లు మరీ చవకవి కొనొద్దు, ఈ మధ్య లిఫ్టర్ల నాణ్యత మీద ఫిర్యాదులు చాలా వింటున్నాం, కొన్నాక ఒక్కోదాన్నీ స్కేలు అంచు మీద పెట్టి చూడండి, అడుగు కొంచెం ఉబ్బెత్తుగా ఉండాలి, అది చదునుగా ఉంటే లిఫ్టర్ తిరగదు, తిరగకపోతే లోబ్ తినేస్తుంది.

స్ప్రింగులు కూడా. పాత హెడ్ మీదున్న స్ప్రింగులు నలభై ఏళ్ళ నాటివి అయితే కొత్తవి వెయ్యండి, క్యామ్ కంపెనీ ఏ స్ప్రింగ్ చెప్పిందో అదే, ఇంకా గట్టివి వేస్తే లోబ్‌కే నష్టం. 0.420, 0.440 లిఫ్ట్ స్టాక్ హెడ్‌కి ఇబ్బంది ఉండదు, 0.460 దగ్గరికి వస్తే మాత్రం స్ప్రింగ్ పైనుండే రిటైనర్ కిందికి వచ్చి వాల్వ్ గైడ్ సీల్‌కి తగులుతుందేమో కొలవాలి, ఫుల్ లిఫ్ట్ తర్వాత ఇంకా 0.060 అంగుళం ఖాళీ ఉండాలి. చిన్న క్యామ్ వేస్తే ఈ తలనొప్పి కూడా తప్పుతుంది. ఇన్‌టేక్ మానిఫోల్డ్ డ్యూయల్ ప్లేన్‌దే, అంటే దారులు రెండు అంతస్తులుగా విడిపోయి ఉండేదే, ఉంచండి, సింగిల్ ప్లేన్ వేస్తే కింద సంపాదించిందంతా పోతుంది, కంపెనీ క్వాడ్రాజెట్ కార్బ్యురేటర్ బాగుంటే దాన్ని మార్చొద్దు, ముందు తెరుచుకునే రెండు గొంతులు, అంటే ప్రైమరీలు, చిన్నవి కాబట్టి కింద అది చాలా బాగా పనిచేస్తుంది.

కాలిఫోర్నియాలో ఉండేవాళ్ళు, 1976 నుంచి వచ్చిన బండికి స్మాగ్ టెస్ట్ ఉంటుంది, అక్కడ అనుమతి నంబర్ ఉన్న క్యామే వెయ్యాలి, కొనే ముందే అడగండి. టెక్సాస్‌లో ఎమిషన్ టెస్ట్ 24 ఏళ్ళ లోపు బళ్ళకే, పాత ట్రక్కుకి ఆ బాధ లేదు.

ఇక బిగించడం. ఒకటో సిలిండర్‌ని కంప్రెషన్ స్ట్రోక్‌లో పైకి తెచ్చి, డిస్ట్రిబ్యూటర్ రోటర్ ఎటు చూస్తుందో ఫొటో తీసుకుని, అప్పుడు విప్పడం మొదలుపెట్టండి. క్రాంక్ ముందు కొసన కుదుపులు తగ్గించే చక్రం, అంటే హార్మోనిక్ బ్యాలెన్సర్‌కి, పుల్లర్, బిగించేటప్పుడు ఇన్‌స్టాలర్ వాడాలి, అద్దెకిస్తారు, సుత్తితో కొట్టొద్దు, దాని మధ్యలో రబ్బరు ఉంటుంది. కొత్త క్యామ్ లోపలికి తోసేటప్పుడు ముందుకి పొడవాటి బోల్టులు బిగించుకుని వాటిని పట్టుకుని మెల్లిగా తిప్పుతూ పంపండి, బేరింగులకి లోబ్ అంచు గీసుకోకూడదు. ప్రతి లోబ్‌కీ, లిఫ్టర్ అడుక్కీ డబ్బాలో వచ్చిన మాలిబ్డినమ్ పేస్ట్ దట్టంగా రాయండి, బేరింగ్ భాగాలకి మాత్రం మామూలు ఆయిల్ చాలు.

చైన్ గేర్ల మీద చుక్కలు ఎదురెదురుగా, క్రాంక్ చుక్క పైకి క్యామ్ చుక్క కిందికి పెట్టి బిగిస్తాం కదా, ఆ స్థితిలో ఫైరింగ్‌లో ఉండేది ఒకటో సిలిండర్ కాదు, ఆరోది. ఇక్కడే చాలామంది డిస్ట్రిబ్యూటర్ 180 డిగ్రీలు తిరగేసి పెట్టి, స్టార్ట్ అవ్వక, సెల్ఫ్ కొట్టి కొట్టి కొత్త లోబ్‌ల మీదున్న పేస్ట్ అంతా తుడిచేస్తారు. చుక్కలు కలిపాక క్రాంక్‌ని ఇంకో పూర్తి చుట్టు తిప్పితే ఒకటో సిలిండర్ ఫైరింగ్‌కి వస్తుంది, అప్పుడు డిస్ట్రిబ్యూటర్ దించండి.

క్రాంక్‌కి తగిలించే డిగ్రీ వీల్, డయల్ గేజ్ ఉంటే క్యామ్ నిజంగా ఎక్కడుందో కొలుచుకోండి, చుక్కల్ని నమ్మకండి, గేర్లలో రెండు మూడు డిగ్రీల తేడా మామూలే. ఒకటో సిలిండర్ ఇన్‌టేక్ లిఫ్టర్ మీద గేజ్ పెట్టి, ఫుల్ లిఫ్ట్‌కి 0.050 ముందు ఒక రీడింగు, దాటాక 0.050 కిందికి వచ్చినప్పుడు ఇంకో రీడింగు తీసుకుని రెండిటి సగటు చెయ్యండి, అదే సెంటర్‌లైన్. క్రాంక్‌ని ఎప్పుడూ ఒకే దిక్కుకి తిప్పాలి, వెనక్కి తిప్పితే చైన్ వదులు రీడింగులో కలిసిపోతుంది. కార్డ్ మీద 106 ఉంటే 105, 106 వస్తే చాలు, 109 వస్తుంటే మాత్రం వదిలెయ్యకండి, సర్దండి, మీరు డబ్బు పెట్టి కొన్న కింద లాగుడు ఆ 3 డిగ్రీల్లో ఉంది.

వాల్వ్ సర్దుబాటు తేలికే, పుష్ రాడ్‌ని వేళ్ళతో పైకి కిందికి ఆడిస్తూ రాకర్ నట్టు బిగించండి, ఆట పోయిన దగ్గర ఆపి అక్కణ్ణుంచి అర చుట్టు.

స్టార్ట్ చేసే ముందు డిస్ట్రిబ్యూటర్ రంధ్రంలోంచి డ్రిల్ మిషన్‌తో ఆయిల్ పంపు తిప్పి, రాకర్ల దగ్గర ఆయిల్ పైకి వచ్చేదాకా ప్రైమ్ చెయ్యండి. ఆయిల్ మామూలు కారు ఆయిల్ కాకూడదు, ఇప్పటి ఎనర్జీ సేవింగ్ గ్రేడ్ ఆయిళ్ళలో ఫాస్ఫరస్ 800 పీపీఎంకి మించదు, ఫ్లాట్ ట్యాపెట్‌కి కావాల్సిన జింక్ అందులో తక్కువ, బ్రేకిన్ ఆయిల్ అని విడిగా అమ్ముతారు అది పొయ్యండి. కార్బ్యురేటర్ గిన్నెలో పెట్రోలు నింపుకుని, రేడియేటర్ నింపుకుని, టైమింగ్ ముందే సెట్ చేసుకుని, మొదటి సెల్ఫ్‌కే అందుకునేలా అన్నీ సిద్ధం చేసుకోండి. అందుకోగానే ఐడ్లింగ్‌లో వదలకుండా వెంటనే 2000కి తీసుకెళ్ళి, 2000కీ 2500కీ మధ్యలో మారుస్తూ 20 నుంచి 30 నిమిషాలు ఉంచాలి, ఎందుకంటే లోబ్‌లకి ఆయిల్ వెళ్ళేది క్రాంక్ నుంచి ఎగిరే తుంపర్లతోనే, ఐడ్లింగ్‌లో ఆ తుంపర్లు సరిపోవు. పక్కన ఒక మనిషిని పెట్టుకోండి, ఆయిల్ లీకు, వేడి, పెట్రోలు వాసన చూడ్డానికి. ఏదన్నా తేడా వస్తే ఐడ్లింగ్‌కి దించకుండా పూర్తిగా ఆపేసి, సరిచేసి, మళ్ళీ 2000 నుంచి మొదలుపెట్టండి.

బ్రేకిన్ అయ్యాక ఆ ఆయిల్, ఫిల్టర్ వెంటనే మార్చి, ఫిల్టర్‌ని కోసి మడతల్లో అయస్కాంతం తిప్పి చూడండి, బూడిద రంగు పేస్ట్ లాంటిది కొంచెం ఉంటుంది పర్లేదు, మెరిసే రేకులు కనపడితే మాత్రం ఒక లోబ్ పోతోందని అర్థం, అక్కడితో నడపడం ఆపెయ్యాలి. అంతా బాగుంటే ఇగ్నిషన్ టైమింగ్ సర్దుకోండి, వాక్యూమ్ అడ్వాన్స్ గొట్టం తీసి మూసేసి స్పార్క్ మొత్తం అడ్వాన్స్ 34 నుంచి 36 డిగ్రీల దగ్గర పెట్టి, ఆ తర్వాత గొట్టం మళ్ళీ తగిలించండి. ట్రైలర్ మాత్రం రెండోసారి ఆయిల్ మార్చేదాకా, అంటే ఒక 500 మైళ్ళు తిరిగేదాకా తగిలించకండి. ఆ తర్వాత ఎప్పుడూ వెళ్ళే ఎత్తు రోడ్డు మీద టాప్ గేర్లో 1800 ఆర్‌పీఎం నుంచి లోడుతో మెల్లిగా తొక్కి చూడండి, టకటకమని పింకింగ్ వినపడితే అడ్వాన్స్ రెండేసి డిగ్రీలు తగ్గిస్తూ మళ్ళీ అదే ఎత్తు ఎక్కించండి, శబ్దం పోయిన దగ్గర డిస్ట్రిబ్యూటర్ బిగించేసుకోండి.